కృష్ణ ఇసుక అడుగున: డెల్టా భూగర్భ జలచరాల అన్వేషణ చరిత్ర

విజయవాడ దగ్గర కృష్ణా నది ఇసుక కింద, రేణువుకూ రేణువుకూ మధ్య నిలిచిన నీటిలో, అర మిల్లీమీటరు పొడవైనా లేని జంతువులు బతుకుతున్నాయి. వాటికి కళ్లు లేవు, ఒంటికి రంగు లేదు. ఒళ్లు పురికొసలా సన్నగా సాగి ఉంటుంది. రొయ్యలూ పీతలూ చేరిన క్రస్టేషియన్ల వర్గానికే ఇవీ చెందుతాయి. నదిలో మునిగే భక్తులకు గానీ, ఇసుక తోడే కూలీలకు గానీ, బ్యారేజీ గేట్లు ఎత్తే సిబ్బందికి గానీ ఇవి కనిపించే అవకాశమే లేదు. శాస్త్రానికి వీటి సంగతి తెలిసింది 2001లో. నూట యాభై ఏళ్లుగా ఇంజనీర్లు అంగుళం అంగుళం కొలిచిన నది అడుగున ఇన్ని పేరులేని జాతులు మిగిలి ఉండడం వెనుక ఒక చరిత్ర ఉంది. భూమి లోపలి నీటిలో జంతువులుంటాయన్న సంగతి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. ఆ సంగతి కృష్ణ ఒడ్డుకు చేరడానికి ఇంకా ఆలస్యమయింది.

మొదలు బావులతో అయింది. 1882లో చెక్ జంతుశాస్త్రజ్ఞుడు ఫ్రాంటిషెక్ వెయ్‌డోవ్‌స్కీ ప్రాగ్ నగరంలోని ఒక బావి నీటిలో దొరికిన చిన్న జీవిని వర్ణించి బాతినెల్లా నాటాన్స్ అని పేరు పెట్టాడు. దాన్ని ఏ కుటుంబంలో చేర్చాలో అప్పట్లో ఎవరికీ తెలియలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత స్విట్జర్లాండులో పియెర్ షాప్పుయికి మళ్లీ దొరికేదాకా అది ఒంటరి వింతగానే ఉండిపోయింది. నీటి పురుగుల వంతు 1904లో వచ్చింది. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతంలో ఒక బావి నుంచి వచ్చిన గుడ్డి పురుగుకు అబెయ్ ద పెరాఁ సియెటీసియా బాల్సెటెన్సిస్ అని పేరు పెట్టాడు. చెరువుల్లో, వరి మళ్లలో మునిగి తేలుతూ తిరిగే ఈతపురుగుల కుటుంబం డైటిసిడే. ఆ కుటుంబంలో పూర్తిగా భూగర్భ జలానికే పరిమితమైన జాతిగా మొదట తెలిసింది అదే.

పైనుండే ఈతపురుగు మాటిమాటికీ నీటి మట్టానికి వచ్చి, రెక్కల మూత కింద గాలి నింపుకుని మళ్లీ మునుగుతుంది. భూమి లోపల పైకి రావడానికి మట్టమే ఉండదు. అందుకే లోపలి జాతులు నీటిలో కరిగిన ప్రాణవాయువును ఒంటి తోలు ద్వారానే పీల్చుకుంటాయి. వాటికి కళ్లు పోయాయి, ఎగిరే రెక్కలు పోయాయి, పై రెక్కల మూత అతుక్కుపోయింది. ఈ పురుగుల అసలు సంపద బయటపడింది పశ్చిమ ఆస్ట్రేలియాలో. ఇల్‌గార్న్ ఎడారి ప్రాంతంలో పాత నదీ లోయల వెంట సున్నపు గట్టిపొరలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటి బొరియల్లో నీరు నిలుస్తుంది. 1990ల చివరి నుంచి క్రిస్ వాట్స్, విలియం హంఫ్రీస్ అక్కడి బోర్లలో వలలు దించి వరసగా కొత్త జాతులు వెలికి తీశారు. ఇప్పుడు ఆ లెక్క వందకు దగ్గరగా ఉంది. ఒక గట్టిపొరలో ఉన్న జాతి పక్క గట్టిపొరలో ఉండదు. ఒకే పొరలో రెండు మూడు జాతులుంటే అవి ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అన్నట్లు పరిమాణంలో తేడాగా ఉంటాయి. డీఎన్‌ఏ పోల్చి చూసినప్పుడు, దాదాపు తొంభై లక్షల ఏళ్ల నుంచి నలభై లక్షల ఏళ్ల కిందటి మధ్యకాలంలో, ఆ ఖండం నడిభాగం ఎండిపోతున్న రోజుల్లో, పై నీటి పురుగులు వేటికవే లోపలికి దిగి అక్కడే చిక్కుకుపోయాయని తేలింది.

మిల్లీమీటరు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల పురుగుకు తిరగడానికి కాస్త పెద్ద బొరియలే కావాలి. నది ఇసుకలో సందు ఎంత? రేణువు కంటే చాలా చిన్నది. అక్కడ ఇమిడేది కోపిపాడ్ లాంటి సన్నని క్రస్టేషియనే. అందువల్ల ఇల్‌గార్న్‌లో పురుగుల కోసం నడిచిన అన్వేషణ కృష్ణ ఒడ్డున క్రస్టేషియన్ల కోసం నడిచింది. వెతికే పద్ధతీ, వర్గీకరణ తర్కమూ, తుదకు ఎదురయ్యే ప్రశ్నలూ రెండుచోట్లా ఒకటే.

భారతదేశంలో ఈ పని చెదురుమదురుగా మొదలైంది. జంతు సర్వే సంస్థ 1916లో నెల్సన్ అన్నండేల్ నాయకత్వంలో కలకత్తాలో ఏర్పడింది. అక్కడి పత్రికలోనే 1923లో న్యూజీలాండ్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ చిల్టన్ ఒక భారతీయ భూగర్భ ఆంఫిపాడ్‌ను (ఇదీ ఒక రకం చిన్న క్రస్టేషియనే) నిఫార్గస్ ఇండికస్ పేరుతో వర్ణించాడు. 1950లో చోప్రా, తివారీలు కాశీ బావుల్లో దొరికిన ఐసోపాడ్ అనే మరో రకం క్రస్టేషియన్‌కు నికోల్సియా కాషియెన్స్ అని పేరు పెట్టారు. చీమంత జీవికి కాశీ పేరు పడడం చిన్న విషయంగా తోచవచ్చు. కానీ ఆ జీవి దగ్గరి బంధువులు దొరికేది టాస్మానియాలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో. ఆ బంధుత్వం వెనుక కథ తేలడానికి తెలుగు నేల బోరుబావులు కావలసి వచ్చాయి. అది మరో అరవై ఏళ్ల తర్వాతి మాట.

కృష్ణ దగ్గరికి వస్తే, నది మీద శాస్త్రీయ దృష్టి పడింది సాగునీటి కోసం. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకవుతుంది. ఆనకట్టకు ఆర్థర్ కాటన్ ఆలోచనలో ఆ చోటే సరైనదిగా నిలిచింది. 1852లో పని మొదలై ఇంజనీరు చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి పూర్తయింది. అక్కడి నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ తూర్పు డెల్టాకూ, కొమ్మమూరు కాలువ పశ్చిమ డెల్టాకూ నీరు తీసుకెళ్లాయి. 1952లో ఆ పాత ఆనకట్టకు గండి పడింది. దాని ఎగువన 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1223.5 మీటర్ల పొడవున్న ఈ కట్టడం వల్ల పైన నీరు నిండుగా నిలుస్తుంది, కింద ఏడాదిలో చాలా కాలం ఇసుక తేలి ఉంటుంది.

ఆ ఇసుక ఎండాకాలంలో ఊళ్లకు నీళ్లిచ్చేది. నది ఎండితే జనం తిన్నెలో చెలమ తవ్వుకునేవారు. మూరెడు, రెండు మూరలు తవ్వితే ఊట వచ్చి గుంట నిండుతుంది. తేటపడ్డాక ముంతతో ముంచుకుంటారు. ఇసుక వడపోసిన ఆ నీరు కాలువ నీటి కంటే రుచి. వంద మీటర్ల దూరంలో నది మధ్యలో పారే నీటికీ ఈ చెలమ నీటికీ ఉన్న తేడా తాగినవాళ్లందరికీ తెలుసు. అందులో జంతువులు కూడా వేరని ఎవరూ ఊహించలేదు.

సరిగ్గా ఇదే పద్ధతి యూరప్‌లో శాస్త్రమైంది. యుగోస్లావియాలో స్టాంకో కారమన్ 1935లోనూ, ఆ తర్వాత 1942లో షాప్పుయి కూడా నది ఒడ్డు ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీటిని సన్నని గుడ్డ వలలో వడకట్టి భూగర్భ జీవుల్ని పట్టారు. ఇప్పటికీ దాన్ని కారమన్–షాప్పుయి పద్ధతి అనే అంటారు. లోతు నుంచి నీరు లాగాలంటే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బూ, రూష్ 1967లో రూపొందించిన పంపు ఉంది. అడుగున రంధ్రాలున్న ఇనుప గొట్టాన్ని ఇసుకలో దిగ్గొట్టి చేతితో కొడితే నీరూ, ఇసుకా, జీవులూ కలిసి పైకొస్తాయి. డెల్టా రైతు ఒండ్రు నేలలో ఫిల్టర్ పాయింటు దించుకునేది కూడా కొంచెం ఇదే తరహాలో, కాకపోతే వల లేకుండా.

ఈ పద్ధతులు కృష్ణ ఒడ్డుకు వచ్చింది ఒక విశ్వవిద్యాలయం ద్వారా. విజయవాడ, గుంటూరు నగరాల మధ్య జాతీయ రహదారి పక్కన నాగార్జున నగర్‌లో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో ఆంధ్రా విశ్వవిద్యాలయపు పోస్ట్‌గ్రాడ్యుయేట్ కేంద్రంగా పుట్టి, 1976లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో వై. రంగారెడ్డి మొదట పని చేసింది పై నీటి కోపిపాడ్‌ల మీద. చెరువుల్లో చేపపిల్లలకు ఆహారమయ్యే ఈ సూక్ష్మ క్రస్టేషియన్లలో ఏ జాతి ఏదో చెప్పగలవాళ్లు దేశంలో కొద్దిమందే. కొల్లేరు కోపిపాడ్‌ల మీద వై. రాధాకృష్ణతో కలిసి రాసిన విస్తార పత్రం 1984లో వచ్చింది. డయాప్టమిడే కుటుంబంలోని కొన్ని ప్రజాతుల్ని గుర్తుపట్టడానికి ఉపయోగపడే మార్గదర్శిని 1994లో ఆయన పేర వెలువడింది. కొల్లేరులో ఏ జాతి ఉందో తెలిసినవాడికే కృష్ణ ఇసుకలో దొరికింది అందులోది కాదని వెంటనే తెలుస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల పై నీటి చదువే భూగర్భ అన్వేషణకు పునాది అయింది.

1990ల చివరిలో విజయవాడ వద్ద నది ఇసుక నుంచి తీసిన నీటిలో పారాస్టెనోకారిడిడే కుటుంబపు కోపిపాడ్‌లు దొరికాయి. ఈ కుటుంబం పూర్తిగా భూగర్భ, ఇసుక జలాలకు సంబంధించినది. శ్రీలంకలో 1970 నాటికే నమోదై ఉంది. భారత నేలలో మాత్రం ఒక్క జాతీ తెలియదు. 2001లో వచ్చిన పత్రం ఆ లోటు తీర్చింది. అందులో మూడు కొత్త జాతులు ఉన్నాయి: పారాస్టెనోకారిస్ గాయత్రి, పారాస్టెనోకారిస్ సవిత, పారాస్టెనోకారిస్ సంధ్య. మూడింటికీ పుట్టినచోటు విజయవాడ దగ్గరి కృష్ణే. ఒక నగరం నడిబొడ్డున, పుష్కర స్నానాలు జరిగే నదిలో, దేశానికే కొత్తదైన ఒక కుటుంబం ఒకేసారి మూడు జాతులతో బయటపడడం అసాధారణం. అడవుల్లో, కొండ గుహల్లో మాత్రమే కొత్త జాతులు దొరుకుతాయన్న నమ్మకం ఈ ఒక్క పత్రంతో నిలవకుండా పోయింది.

ఆ మూడు పేర్లు పత్రికలో అచ్చయ్యేలోగా బల్ల మీద ఎంత పని జరగాలో చూస్తే వర్గీకరణ అంటే ఏమిటో తెలుస్తుంది. గుంటలో నీటిని అత్యంత సన్నని కన్నుల వలలో వడపోసి, మిగిలిన ఇసుక మడ్డిని ఫార్మాలిన్‌లో నిల్వ చేస్తారు. ప్రయోగశాలలో ఆ మడ్డిని చుక్క చుక్కగా స్టీరియో సూక్ష్మదర్శిని కింద పరచి వెతకాలి. బిందెల కొద్దీ నీరు పోసినా దొరికేది ఒకటో రెండో. దొరికిన జీవిని గ్లిజరిన్‌లోకి మార్చి, సన్నని సూదులతో ఒక్కో కాలు, ఒక్కో మీసం విడదీస్తారు. అర మిల్లీమీటరు లేని ఒళ్లు అది. దాని కాలు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. చేయి వణికినా, ఊపిరి తగిలినా ఆ భాగం ఎక్కడికో పోతుంది. విడదీసిన భాగాల్ని స్లయిడు మీద అమర్చి, కామెరా లూసిడా సాయంతో కాగితం మీద గీస్తారు. పారాస్టెనోకారిస్‌లో మగదాని మూడో జత కాలు ఆడదాన్ని పట్టుకోవడానికి మారిపోయి ఉంటుంది. దాని ఆకారం, దాని మీది చిన్న ముల్లు, పక్కన నాలుగో కాలి లోపలి కొమ్మ ఎలా ఉందన్న దాన్ని బట్టే జాతి తేలుతుంది. ఆడవాటితో ఆ పని అంత తేలిగ్గా కాదు. అందుకే మగది దొరికేదాకా పత్రం ఆగుతుంది.

2002లో ఇంకా పెద్ద ఆశ్చర్యం వచ్చింది. ప్రాగ్ బావి జీవి చేరిన బాతినెల్లేసియా క్రమంలో హాబ్రోబాతినెల్లా అనే ప్రజాతి అప్పటిదాకా మడగాస్కర్ ద్వీపంలో మాత్రమే తెలుసు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హోర్స్ట్ కుర్ట్ ష్మింకే 1973లో ఆ ప్రజాతిని స్థాపించాడు. ఆంధ్రదేశపు భూగర్భ నీటిలో దొరికిన జీవి కచ్చితంగా ఆ ప్రజాతికే చెందింది. దానికి హాబ్రోబాతినెల్లా నాగార్జునై అని పేరు పెట్టారు. మడగాస్కర్ వెలుపల ఆ ప్రజాతి కనిపించడం అదే మొదటిసారి.

బాతినెల్లేసియా జీవుల పిల్లలకు సముద్రంలో తేలిపోయే డింభక దశ ఉండదు. గుడ్లు ఒకటీ అరా మాత్రమే పెడతాయి. ఎండలో, ఉప్పునీటి అలల్లో, పక్షి కాలికి అంటుకుని ప్రయాణించే శక్తి వాటికి లేదు. అలాంటప్పుడు మడగాస్కర్‌లోనూ ఆంధ్రలోనూ బంధువులు ఎందుకున్నాయి? భారత భూభాగం, మడగాస్కర్ కలిసే ఉండి, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయన్నది భూగర్భ శాస్త్రం చెప్పే మాట. జీవులు ప్రయాణించలేదు, వాటిని మోసిన నేల ప్రయాణించింది. ఇసుక అడుగున చిన్న ముళ్ల సంఖ్య లెక్కపెట్టే పని ఖండాల కదలికకు సాక్ష్యంగా మారిన సందర్భం ఇది. ఆ తర్వాత ఆంధ్రలోనే ఈ ప్రజాతిలో జాతి మీద జాతి దొరుకుతూ పోయింది. 2010లో తోటకూర వెంకటేశ్వరరావుతో కలిసి రంగారెడ్డి చేసిన పునస్సమీక్షలో ఒక్కసారే అయిదు కొత్త జాతులు చేరాయి. ఇప్పుడు హాబ్రోబాతినెల్లాకు ప్రధాన నివాసం భారతదేశమే. మడగాస్కర్‌లో మొదట దొరకడం ముందు అక్కడ వెతికారన్న దానికే గుర్తు.

2005లో బాతినెల్లిడే కుటుంబం కూడా భారత జాబితాలో చేరింది. రంగారెడ్డి, ష్మింకే కలిసి సెర్బనిబాతినెల్లా ప్రైమాఇండికా అనే కొత్త ప్రజాతినీ జాతినీ వర్ణించారు. ఆ పేరులోని సెర్బన్ రొమేనియాకు చెందిన బాతినెల్లిడ్ నిపుణుడు. 2012లో గోదావరి ఒండ్రు పొరల నుంచి ఇండోబాతినెల్లా ప్రెహెన్సిలిస్ వచ్చింది. పారాస్టెనోకారిడిడే వైపు ప్యారిస్ మ్యూజియంలోని డానియెల్ డెఫేతో కలిసి మహానది ఇసుక జీవి పారాస్టెనోకారిస్ మహానదిని 2007లోనూ, ష్మింకేతో కలిసి కిన్నెకారిస్ గోదావరిని 2009లోనూ వర్ణించారు. కృష్ణలో మొదలైన పద్ధతి ఒక నది నుంచి ఇంకో నదికి ఇలా నడిచింది.

బోరుబావుల దారి వేరు. నది ఇసుక సన్నని జీవులకే చోటిస్తుంది. రాతి పగుళ్లలో, ముతక కంకర పొరల్లో ఇంకొంచెం పెద్దవి బతకగలవు. పొలం బోరు నడుస్తున్నప్పుడు పైపు మూతికి వల కట్టి గంటల తరబడి వదిలేస్తే, నీటితో పాటు లోపలి జీవులు వలలో చిక్కుతాయి. రైతు పైరుకు కట్టుకునే నీరే పరిశోధకుడి నమూనా అవుతుంది. అమెరికా ఆంఫిపాడ్ నిపుణుడు జాన్ హోల్సింగర్‌తో కలిసి చేసిన పనిలో ఆగ్నేయ భారతపు బావుల నుంచి బోగిడియెల్లా ఇండికా 2006లో పేరు పొందింది. ఈ దారిలో దొరికిన వాటిలో అన్నిటికంటే విలువైనది 2011లో అచ్చయింది. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చెందిన జార్జ్ విల్సన్, రంగారెడ్డి కలిసి ఆంధ్ర భూగర్భ జలాల నుంచి ఒక కొత్త ప్రజాతిని వర్ణించి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. జాతి పేరు షాబుద్దీన్. ఆ పరిశోధక బృందంలోని షేక్ షాబుద్దీన్ పేరే అది.

ఆంధ్రకాయిడెస్ హిప్సిమెటోపిడే అనే కుటుంబానికి చెందుతుంది. కాశీ బావుల నికోల్సియా కూడా ఆ కుటుంబమే. మిగతా బంధువులు పశ్చిమ ఆస్ట్రేలియాలో భూగర్భ జలాల్లోనూ, టాస్మానియాలో తడి నేల బొరియల్లోనూ ఉన్నాయి. భారతదేశం ఆస్ట్రేలియా, అంటార్కిటికాల నుంచి సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. ఈ కుటుంబం చేరిన ఫ్రియాటోయిసిడియా వర్గపు ఐసోపాడ్‌లు మంచినీటికి అలవాటుపడి సముద్రం దాటలేనివి. కాబట్టి కాశీ, ఆంధ్ర, పశ్చిమ ఆస్ట్రేలియా, టాస్మానియా జీవుల బంధుత్వం గోండ్వానా నాటిదని చెప్పక తప్పదు. 1950లో ఒంటరిగా ఉన్న కాశీ జీవికి ఆంధ్రలో తోబుట్టువు దొరకడంతో భారత భూభాగం మీద ఈ వంశం విస్తారంగా ఉండి ఉంటుందన్న ఊహకు బలం చేకూరింది.

కృష్ణా డెల్టా నేల వయస్సుతో పోలిస్తే ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. తీరం వెంట డెల్టా పేరుకున్నది గత కొద్ది వేల ఏళ్లలో. జంతువుల వంశమో కోట్ల ఏళ్లది. వంశం ఇక్కడే పుట్టిందనుకోవడానికి వీల్లేదు. నది ఎగువన రాతి పగుళ్లలో, పాత ఒండ్రులో ఉన్న జీవులు ఇసుకతో పాటు దిగువకు విస్తరించి, కొత్తగా ఏర్పడిన ప్రతి తిన్నెనూ ఆక్రమించి ఉంటాయన్నదే పొందికైన వివరణ. నది ఇసుక వాటికి దారి కూడా, ఇల్లు కూడా.

సున్నపురాతి గుహల్లో ఈ దారి ఇంకో మలుపు తిరుగుతుంది. బెలూం గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ లోకానికి తెలిపాడు. దాదాపు వందేళ్ల తర్వాత 1982–83లో జర్మన్ గుహాన్వేషకుడు హెర్బర్ట్ డేనియల్ గెబావర్ లోపల విస్తారంగా తిరిగి కొలతలు తీశాడు. ఆంధ్రకాయిడెస్‌లో రెండో జాతి ఆంధ్ర సున్నపురాతి గుహల నుంచి దొరికినప్పుడు దానికి గెబావరి అని ఆయన పేరే పెట్టారు. తూర్పు కనుమల్లోని బొర్రా గుహల నుంచి హాబ్రోబాతినెల్లా బొర్రాయెన్సిస్ వచ్చింది. బావి, ఇసుక, గుహ మూడూ ఒకే భూగర్భ జలానికి తలుపులు. ఏ తలుపు దగ్గర ఎంత సందు ఉంటే అంత ఒళ్లున్న జీవి బయటికి వస్తుంది.

పేరు పెట్టడంతో పని ముగియదు. 1972లో బ్రెజిల్‌లో పనిచేసిన యాకోబి పారాస్టెనోకారిస్‌ను ఎన్నో చిన్న ప్రజాతులుగా విడగొట్టాడు. చాలామంది ఆ విభజనను తొందరపాటుగా భావించి పక్కన పెట్టారు. తర్వాత ఆ ప్రజాతుల్లో కొన్నిటిని ఒక్కొక్కటిగా మళ్లీ పరీక్షించి, హద్దులు గీసి నిలబెట్టుకుంటూ వచ్చారు. 2009 నాటి గోదావరి జాతి కిన్నెకారిస్‌లో ఉండడం ఆ పని ఫలితమే. విజయవాడ సంధ్య కూడా అలాగే చేతులు మారింది. దాన్ని ఇప్పుడు సియోలికారిస్ ప్రజాతిలో పెడతారు. ఆ ప్రజాతికి ఆధార జాతి బ్రెజిల్‌ది. అమెజాన్ జలాల మీద జీవితమంతా పనిచేసిన హెరాల్డ్ సియోలి పేరు దానిది. కృష్ణ ఇసుక జీవి అమెజాన్ దేశపు జీవికి దగ్గరి చుట్టమని నిర్ధారించడానికి రెండు దేశాల జీవుల్నీ ముల్లు ముల్లునా పోల్చవలసి వచ్చింది. వర్గీకరణలో అసలు కష్టం అక్కడే ఉంది. జీవి దొరకడానికి వారం చాలొచ్చు, దాని స్థానం తేలడానికి రెండు ఖండాల్లో పదేళ్లు పట్టవచ్చు.

ఆకారం మీదే ఆధారపడడంలో ప్రమాదమూ ఉంది. చీకట్లో బతికే జీవులన్నీ ఒకే తీరుగా సన్నబడతాయి, కళ్లు, రంగు పోగొట్టుకుంటాయి. వేరువేరు వంశాలవి ఒకేలా కనిపిస్తాయి. ఒకేలా కనిపించేవి జన్యువుల్లో వేరుగా తేలుతాయి. ఇల్‌గార్న్ పురుగుల విషయంలో డీఎన్‌ఏ ఈ చిక్కుముడిని చాలావరకు విప్పింది. కానీ ఫార్మాలిన్‌లో నిల్వ చేసిన పాత నమూనాల నుంచి డీఎన్‌ఏ తీయడం కష్టం. దానికి గాఢమైన ఆల్కహాలులో దాచిన తాజా జీవి కావాలి. అంటే మొదట దొరికిన చోటికే మళ్లీ వెళ్లి పట్టుకోవాలి.

ఈ జీవులు నీటిలో ఊరికే ఉండవు. ఇసుక రేణువుల మీద పేరుకునే బాక్టీరియా, శిలీంధ్రం, కుళ్లిన ఆకు తుంపులు వాటి ఆహారం. తింటూ కదులుతూ ఉండడం వల్ల సందులు మూసుకుపోకుండా ఉంటాయి. చెలమ నీటి తేటదనంలో వాటి వాటా కూడా కొంత ఉంది. వాటి జీవితం నెమ్మది. పిల్లలు తక్కువ, ఎదుగుదల ఆలస్యం, వలస అసాధ్యం. ఒక చోట నాశనమైతే చుట్టుపక్కల నుంచి త్వరగా వచ్చి చేరడం జరగదు.

డెల్టాలో వాటికి ఎదురయ్యే ఒత్తిళ్లు నీటి లెక్కలతోనే ముడిపడి ఉన్నాయి. తిన్నెను మీటర్ల లోతున తవ్వి లారీలకెత్తితే పోయేది ఇసుక ఒక్కటే కాదు, అందులోని నీరూ అందులోని జీవులూ పోతాయి. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతే కొత్త ఇసుక తక్కువగా దిగుతుంది. బందరు, దివిసీమ వైపు భూగర్భంలో ఉప్పునీరు ముందుకు వస్తే మంచినీటి జాతులకు అక్కడ చోటుండదు. ఎరువు, పురుగుమందు వరి మడిలోంచి ఇంకి దిగేది ఈ నీటిలోకే. బోర్ల మట్టం పడిపోయినప్పుడు పై పొరల్లో ఉండేవి ఎండిపోతాయి. పులికీ, జింకకూ, కొల్లేటి కొంగకూ రక్షణ చట్టాలున్నాయి. ఇసుక రీచుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇసుకలోని జంతువును లెక్కలో చేర్చడం అవసరమనడానికి 2001 నుంచీ వచ్చిన ఈ పత్రాలే తగిన ఆధారం.

ప్రతి జాతికీ పేరుతో పాటు ఒక ఆధార నమూనా, దాని చోటు నమోదై ఉంటాయి. మ్యూజియంలో భద్రపరచిన ఒక్క జీవి, స్లయిడు మీద విడదీసిన కాళ్లతో, ఆ పేరుకు శాశ్వత సాక్ష్యం. ఏ దేశంలో ఎవరికి సందేహం వచ్చినా దాన్నే తెప్పించుకుని చూస్తారు. అది చాలనప్పుడు చోటు దగ్గరికి వస్తారు. గాయత్రి, సవిత, సంధ్య అనే మూడింటికీ ఆ చోటుగా అంతర్జాతీయ పత్రికలో నమోదైంది విజయవాడ వద్ద కృష్ణా నది. ఆ కుటుంబంలో భారతీయ జాతుల మీద ఇక ముందు ఎవరు పునస్సమీక్ష చేసినా, డీఎన్‌ఏ కోసం తాజా నమూనాలు వెతుక్కోవలసింది ఆ ఇసుకలోనే.